రజని విస్తరి

దెయ్యాలు అమావాస్య చూసుకుని, అర్ధరాత్రి చూసుకుని వస్తాయని ఎవరు చెప్పారో గాని, అమూల్య అప్పా అని పిలిచే వాళ్ళ అక్క రజని మాత్రం శుభ్రంగా పగటిపూట పదకొండున్నరకి, కుక్కర్ రెండో కూత వేస్తుండగా వచ్చింది. వచ్చి, వంటగట్టు మీద గ్యాస్ పొయ్యి పక్కన కాస్త జాగా చూసుకుని, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. ఆమె చనిపోయి అప్పటికి పదకొండు నెలలయింది.

అమూల్య భయపడలేదు. భయపడాలన్నా కాస్త తీరిక ఉండాలి కదా! చేతినిండా చపాతీ పిండి, పక్కగదిలో మూడేళ్ళ దివ్య ఏడుపు, వాకిట్లో నీళ్ళ ట్యాంకరు హారన్. వీటన్నిటి మధ్య ఆమెకి తట్టిన మొదటి సంగతి, అప్ప కూర్చుందే అని. నాలుగేళ్ళు అప్ప అత్తవారింటికి వస్తూ పోతూ ఉన్నా, ఈ వంటగదిలో అప్ప కూర్చోగా ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏటే, దెయ్యాన్ని సూసినట్టు అలా సూస్తన్నావ్?" అంది రజని.

"మరి నువ్వు దెయ్యానివే కదప్పా."

"అవుననుకో. అయితే మాత్రం మొకం మీదే అనేస్తారా? ముందు కుక్కర్ కట్టెయ్. మూడో కూతకి పప్పు ముద్దయిపోద్ది, మా అత్త ముట్టదు."

అమూల్య పొయ్యి కట్టేసింది. అప్పుడొచ్చింది ఏడుపు. అమ్మ ముందు ఏడిస్తే అమ్మ పడిపోతుందని, పిల్ల ముందు ఏడిస్తే పిల్ల బెదురుతుందని ఇన్నాళ్ళూ అదిమిపెట్టుకున్నదంతా, పిండి చేతులు అలాగే ఉంచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రజని ఊరుకోబెట్టలేదు. గట్టు దిగనూ లేదు. చెల్లెలి ఏడుపు అయ్యేదాకా ఎదురుగా కూర్చునే ఉంది.

వాళ్ళ నాన్న వెంకటస్వామి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడిన కుటుంబం. వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. ఇద్దరే ఆడపిల్లలు, ఏడేళ్ళ తేడా. తల్లి దాలమ్మకి మోకాళ్ళు పట్టేసిన దగ్గర్నుంచీ అమూల్యకి జడలు వేసిందీ, టిఫిన్ డబ్బా కట్టిందీ, లెక్కలు తప్పితే మొట్టికాయ వేసిందీ రజనే. ఇరవై రెండేళ్ళకి ఆమెను ఊరి చివరనున్న బీర్‌గావ్‌లో వీరేంద్రకి ఇచ్చారు. అతను ఆ పక్కనే ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. "దూరాబారం ఇవ్వనేదు, ఊళ్ళోనే ఇచ్చాను. స్కూటరెక్కితే అరగంటలో పిల్ల కళ్ళముందే," అని వెంకటస్వామి కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఆ అరగంట ఆయనకి ఏడాదికి రెండుసార్లు దొరికేది.

బీర్‌గావ్‌లో కాపురమంటే సగం దుమ్ముతో కాపురం. ఫ్యాక్టరీల నల్లదుమ్ము కిటికీలు మూసినా ఎటునుంచో లోపలికి దూరుతుంది. రోజుకి మూడుసార్లు తడిగుడ్డ పెట్టాలి. ఆరేసిన దుప్పటి మధ్యాహ్నానికి మళ్ళీ ఉతుక్కోవాలి. వీరేంద్ర డ్యూటీ వారానికోసారి మారుతుంది కనక, ఒక వారం తెల్లారి నాలుగింటికి డబ్బా కట్టాలి, ఇంకో వారం ఆయన పగలు పడుకుంటాడు కనక గిన్నె చప్పుడు లేకుండా తోమాలి. రజని ఇదంతా చేసింది. "మా కోడలికి నోట్లో నాలిక నేదమ్మా, బంగారం," అని ఆమె అత్త సుభద్ర ట్యాంకరు దగ్గర నలుగురిలో చెప్పేది. రజని అది విని, సిగ్గుపడి, ఇంకో రెండు బిందెలు ఎక్కువ మోసేది.

క్రిందటేడు వినాయకుడి పండక్కి సుభద్ర తమ్ముడి కుటుంబం విజయనగరం నుంచి వచ్చింది. ఏడుగురు మనుషులు, నాలుగు రోజులు. రెండో రోజున రజనికి జ్వరం పట్టుకుంది. అమూల్య ఫోన్‌లో అప్ప గొంతు విని, "కళ్ళ వెనక నొప్పిగా ఉందా? ఒళ్ళు విరిగినట్టుందా? అప్పా, రేపే రక్తపరీక్ష చేయించు, నేను వచ్చి తీసుకెళ్తాను," అంది. అమూల్య శంకర్ నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. ఈ సంగతులు ఆమెకి తెలుసు. "బాగానే ఉందే, వట్టి ఒళ్ళునొప్పులు. శనారం చుట్టాలు రైలెక్కేస్తారు, ఆదివారం చేయించుకుంటాను," అంది రజని. శనివారం పొద్దున్న చుట్టాలకి దారిలోకి పులిహోర పొట్లాలు కట్టి, గుమ్మం దగ్గర చెయ్యి ఊపి, లోపలికి వచ్చి పడిపోయింది. డెంగీ. పెద్దాసుపత్రిలో మూడు రోజులున్నా రక్తంలో ప్లేట్లెట్లు నిలబడలేదు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అందరూ అదే అన్నారు, రాసి పెట్టి ఉంది అని.

దివ్య కోసమని అమూల్య సెలవుల్లో పది రోజులకి వచ్చింది. ఆ పది రోజులు రెండు నెలలయ్యాయి. కాలేజీ తెరిచారు. రెండో ఏడాది క్లాసులు మొదలయ్యాయి. "అమ్మా, నేను వచ్చేస్తాను," అంటే దాలమ్మ ఫోన్‌లో, "ఒక్క ఏడాది ఆగితే ఏటైపోద్దే? పిల్ల మొకం సూడు," అంది. ఆ తరవాత తెలిసింది అసలు సంగతి. పెద్దలు అప్పటికే మాట్లాడేసుకున్నారు. రజని సంవత్సరీకం కాగానే కార్తీకంలో ముహూర్తం, వీరేంద్రకి అమూల్యతో.

"బయటి పిల్ల వస్తే దివ్యని సూస్తాదా, సొంత పిన్ని సూసినట్టు?" అంది సుభద్ర.

"మంచోడే అమ్మా. తాగడు, కొట్టడు," అన్నాడు వెంకటస్వామి.

అప్ప పెళ్ళికీ నాన్న ఇవే రెండు మాటలు చెప్పాడని అమూల్యకి గుర్తుంది. వద్దు అని ఎందుకు చెప్పలేకపోయిందో ఆమెకే తెలియదు. తెలియకేం, తెలుసు. నిద్రపోయేటప్పుడు దివ్య ఆమె చెవితమ్మె పట్టుకుంటుంది, వాళ్ళమ్మది పట్టుకున్నట్టే. పైగా ఆ రోజు అప్ప మాట వినకుండా ఆటో ఎక్కి వచ్చేసి, చెయ్యి పట్టి ల్యాబ్‌కి లాక్కెళ్ళి ఉంటే అప్ప బతికేదన్న దిగులు ఒకటి లోపల కూర్చుని ఉంది. ఆ దిగులు ఉన్న మనిషి దేనికీ కాదనలేదు. చూద్దాం అంది. చూద్దాం అంటే సరే అన్నట్టేనని పెద్దలు బట్టల దుకాణానికి కూడా వెళ్ళొచ్చారు.

ఇక ఆ కుక్కర్ కూత నాటి నుంచీ రజని రోజూ రావడం మొదలుపెట్టింది, సరిగ్గా వంటగదిలో ఇంకెవరూ లేని వేళ చూసుకుని. వచ్చేది, గట్టెక్కి కూర్చునేది, కబుర్లు చెప్పేది. పని మాత్రం ముట్టుకునేది కాదు.

"ఒక్క ఉల్లిపాయ తరిగిపెట్టొచ్చు కదప్పా, ఊరికే కూర్చోకపోతే," అని అమూల్య విసుక్కుంటే, "ఛుట్టీ! నాకు పర్మినెంట్ ఛుట్టీ దొరికింది. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం ఇవ్వనేదు మీరు," అని నవ్వేది. నవ్వుతున్నప్పుడు అచ్చం పెళ్ళికి ముందటి అప్పలా ఉండేది. అప్ప మీద ప్రేమ అమూల్యకి అప్పుడప్పుడు తన్నుకొచ్చేది. దానితో పాటు కోపం కూడా. చచ్చిపోయాక కూర్చోవడమేమిటి? బతికుండగా కూర్చుంటే ఎవరు కొట్టేవారు?

ఒక సాయంత్రం వీరేంద్ర డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, "రజనీ, మంచినీళ్ళు," అన్నాడు. "ఆఁ, తెస్తున్నా," అని అమూల్య గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను తాగేశాడు. గ్లాసు తిరిగి తీసుకుంటున్నప్పుడు ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది ఏం జరిగిందో. వీరేంద్ర చెడ్డవాడు కాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి అతనికి. "నోరు అలవాటు పడిపోయింది అమూల్యా," అన్నాడు. అమూల్య వంటింట్లోకి వచ్చి సింకు పట్టుకుని నిలబడింది. అతని నోరు సరే, అలవాటు. తను ఎలా పలికింది? ఎవరో వెనకనుంచి మెల్లగా తోస్తూ, తోస్తూ అప్ప ఉన్న చోట్లోకి తనని సర్దేశారు, అంతా అయ్యాక గాని తనకి తెలియలేదు.

మర్నాడు ఈ మాట చెప్తే రజని నవ్వలేదు.

"నీకు నా మీద జాలా, నీ మీద కోపమా?" అని అడిగింది.

"ఆ రోజు నేను వచ్చేయాల్సింది అప్పా."

"నువ్వు సెప్పావే పిల్లా. పరీక్ష చేయించుకోమని సెప్పింది నువ్వొక్కదానివే. నేనే ఎల్లనేదు. ఎందుకెల్లనేదో తెలుసా? నేను నేకపోతే ఏడుగురికి వంటెవరు సేస్తారని. నిజంగా అదే అనుకున్నానే, పాగల్‌ని! నా రక్తం కంటే వాళ్ళ చారు ముఖ్యమనుకున్నాను."

"మరి దివ్య?"

"నా పిల్లని నువ్వు సూడొద్దని నేనంటానా? ఆదివారాలు తీసుకెల్లు, జడలెయ్యి, సదువు సెప్పు. దానికి పిన్ని కావాల. మా అత్తకి కోడలు కావాల. ఆయనకి బట్టలు ఉతికి డబ్బా కట్టే మనిషి కావాల. ముగ్గురూ ఒకరే కావాలని ఎక్కడుంది?"

చపాతీ పెనం మీద మాడిపోయింది.

వీరేంద్ర వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పసుపు కుంకాలతో పోయిన కోడలికి ఏడాది నిండిన రోజున, ఆమె తోడబుట్టిన ఆడదానికి ఆమె చీర కట్టి పీట మీద కూర్చోబెడతారు. ఆ పూటకి ఆ కూర్చున్నామె పేరు ఎవరూ పలకరు, పోయినామె పేరుతోనే పిలుస్తారు. పోయినామెకి ఇష్టమైనవన్నీ వండి అత్త తన చేత్తో వడ్డిస్తుంది. తిన్నాక అత్త మూడుసార్లు అడగాలి, కడుపు నిండిందా అని. నిండింది అన్న మాట వినబడితే పోయినామె తృప్తిగా వెళ్ళినట్టు. ఇంట్లో ఇక శుభకార్యం చేసుకోవచ్చు. నిండలేదన్న మాట వస్తే మళ్ళీ ఏడాది దాకా ఆ ఇంట పసుపు కొట్టకూడదు. అలా అన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. సుభద్ర అత్తగారి కాలం నుంచీ ప్రతి పీటా నిండిందనే చెప్పింది.

సంవత్సరీకానికి ఇంకో రెండు రోజులుందనగా సుభద్ర కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది. రజనికి ఇష్టమైనవి రాయాలి.

"గారెలు రాయి," అంది తనకు తానే. "ఎంత బాగా వండేదమ్మా గారెలు!"

"వండేది, అత్తా. తినడం చూశారా?" అంది అమూల్య.

సుభద్ర ఆలోచనలో పడింది. "ఆకర్న తినేది కదా, నేను సూడనేదు. ఒరే వీరేంద్రా, నీకు తెలుస్తాది, సెప్పు."

"కోడికూర. ఎర్రగా, కారంగా," అన్నాడు వీరేంద్ర వెంటనే.

"అది నీకిష్టంరా!"

"నాకిష్టమని తనకీ ఇష్టమే అమ్మా," అన్నాడు గాని, ఆ మాట అన్నాక ఫోన్ పక్కన పెట్టి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

వెంకటస్వామికి ఫోన్ చేశారు. "దానికి ఇదీ అదీ అని పేచీ నేదు చెల్లెమ్మా, ఏది పెడితే అది తినేది. అచ్ఛీ పిల్ల," అన్నాడాయన గర్వంగా. ఆయన చేతిలోంచి దాలమ్మ ఫోన్ తీసుకుంది. "కన్నదాన్ని, నాకూ తెలీదు వదినా. అడగాల్సింది," అని ఫోన్ పెట్టేసింది. ఆఖరికి కాగితం మీద గారెలు, కోడికూర, బొబ్బట్లు, వంకాయ అని రాసుకున్నారు. వంకాయ సుభద్రకి ఇష్టం.

అందరినీ తప్పు పట్టడానికి అమూల్యకి మాత్రం ఏం మొహం ఉంది? ఆమెకీ తెలియదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అప్ప చేతి వంట తిన్న మనిషి, అప్పకి ఏమిష్టమో తెలియదు. ఆ మధ్యాహ్నం సిగ్గు విడిచి అడిగేసింది.

రజని గట్టు మీద కాళ్ళు ఊపుతూ చాలాసేపు ఆలోచించింది. "పెనం మీంచి తీసిన వేడి అట్టు," అంది చివరికి. "కాల్చేది నేను కాకపోతే."

"అంతేనా?"

"అంతేనా అంటావేటే? నాలుగేళ్ళలో ఒక్కటి దొరకనేదు. ఎప్పుడూ అడుగున పిండి, చల్లారిన చట్నీ. అది కూడా వాళ్ళు పెట్టకపోవడం కాదు. ట్యాంకరు దగ్గర ఎవరైనా తిన్నావా అంటే తిన్నాననేదాన్ని. అమ్మ ఫోన్ చేసి ఒంట్లో ఎలాగుందంటే బాగుందనేదాన్ని. అబద్ధాలు! రోజూ పొద్దున్న లేచి నవ్వుతూ అబద్ధాలు సెప్పాను. ఆ జ్వరంలో కూడా సెప్పాను. అమూల్యా, ఒక్కసారి నేదు అని ఉంటే ఏటయ్యేదే? మహా అయితే మా అత్త రెండ్రోజులు మూతి ముడుచుకునేది."

"ఎల్లుండి నిండిందని చెప్తే నువ్వు వెళ్ళిపోతావా? చెప్పకపోతే ఉండిపోతావా?" అని అడిగింది అమూల్య. ఇన్నాళ్ళూ ఆమెకి ఉన్న భయం ఇదే. పెళ్ళి కంటే ఎక్కువ భయం.

"నాకేం తెలుసు? నేనేమైనా దెయ్యాల డ్యూటీ రిజిస్టర్ సూసానా?" అంది రజని. తరవాత మెల్లగా అంది, "నేను ఉంటానా పోతానా అని సూసుకుని నువ్వు జవాబు సెప్పకే. నువ్వు ఎక్కడ ఉండాలో సూసుకుని సెప్పు."

సంవత్సరీకం రోజు పొద్దున్న అమూల్య గట్టు కేసి చూసింది. డేగిసాలు, జల్లెళ్ళు, బొబ్బట్ల పళ్ళెం. ఎవరూ కూర్చోవడానికి జాగా లేదు. రజని రాలేదు.

సుభద్ర ఆమెకి రజని ఆకుపచ్చ చీర కట్టింది. రజని గాజులు వేసింది. కుచ్చిళ్ళు సర్దుతూ సుభద్ర ముక్కు చీదింది. నిజంగానే ఏడ్చింది ఆవిడ. ఆవిడ కూడా ఉత్త రాయి కాదు, నలభై ఏళ్ళు నిలబడి వడ్డించిన మనిషి. తనని ఎవరూ ఏమీ అడగలేదు కనక, కోడలిని అడగాలని ఆవిడకి తోచలేదు. పీట వేసి, విస్తరి వేసి, "రా రజనీ, కూకో," అంది. గోడవారన వెంకటస్వామి, దాలమ్మ చాప మీద కూర్చున్నారు. వీరేంద్ర ఒళ్ళో దివ్య ఉంది. పిన్నికి అమ్మ చీర ఎందుకు కట్టారని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది, ఎవరూ చెప్పలేదు.

అమూల్య తిన్నది. గారెలు తిన్నది, కోడికూర తిన్నది, వంకాయ తిన్నది. సుభద్ర వంట బాగుంది, అబద్ధమెందుకు? తను తినడం అయ్యేదాకా ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని చూస్తూ ఉండటం మాత్రం వింతగా ఉంది. ఈ ఇంట్లో ఒక ఆడదాని భోజనం కోసం అందరూ ఆగడం అమూల్య చూడటం ఇదే మొదటిసారి. దానికోసం అప్ప చచ్చిపోవలసి వచ్చింది.

సుభద్ర ఎదురుగా నిలబడి, చేతులు జోడించి అడిగింది. "రజనీ, కడుపు నిండిందా అమ్మా?"

అమూల్య విస్తరి కేసి చూస్తూ ఉండిపోయింది. నోటి దాకా వచ్చేసింది నిండింది అన్న మాట. అది చెప్పడం ఎంత సుళువో ఆమెకి అప్పుడు తెలిసింది. చెప్పేస్తే అందరూ లేచి చేతులు కడుక్కుంటారు, నాన్న నవ్వుతాడు, టీ పెడతారు. కార్తీకం వస్తుంది.

"కడుపు నిండిందా రజనీ?"

వెంకటస్వామి దగ్గాడు. చెప్పమన్నట్టు తల ఊపాడు. దివ్య తండ్రి గడియారంతో ఆడుకుంటోంది.

"మూడోసారి అడుగుతున్నాను తల్లీ. నీ కడుపు నిండిందా?"

"నిండనేదత్తా," అంది అమూల్య.

అరిచి చెప్పలేదు. ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పింది. సుభద్ర జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"అలా అనకూడదే, నిండిందనాల!" వెంకటస్వామి చాప మీంచి సగం లేచాడు. "ఆనవాయితీ తెలీక అనేసింది చెల్లెమ్మా. మళ్ళీ ఒకసారి అడుగు."

"మూడుసార్లే అన్నయ్యా. నాలుగోసారి అడగడం నేదు," అంది సుభద్ర.

"తెలీక అనడమేటి?" దాలమ్మ గోడ పట్టుకుని, మోకాలు మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది. "దానికి తెలుసు. తెలీంది మనకి."

"మరి కార్తీకంలో..." అన్నాడు వెంకటస్వామి.

"కార్తీకం నేదు, ఏటీ నేదు. మొన్న కొన్న బట్టలు వాపసు ఇచ్చెయ్."

వీరేంద్ర పిల్లని దగ్గరకు లాక్కుని, విస్తరిలో మిగిలిపోయిన కోడికూర వైపు చూస్తున్నాడు.

"ఏటి తక్కువయిందే నీకు మా ఇంట్లో?" అంది సుభద్ర. కోపంగానే మొదలుపెట్టింది. కాని మాట చివరికొచ్చేసరికి గొంతులో కోపం లేదు. అడిగి ఊరుకోలేదు, జవాబు కోసం ఆగింది.

అమూల్య విస్తరి ముందు నుంచి లేవలేదు. ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, ఎడమచేత్తో పక్కనున్న ఇంకో పీట తన ఎదురుగా జరిపింది.

"కూకోండత్తా," అంది. "సెప్తాను."